లేనివాటి కుండ

గుట్ట కింద అడవిలో ఎవరికేం కావాలన్నా తాబేలు సూరమ్మ దగ్గరికే వెళ్లేవారు. ఆవిడ బండ కింద బుట్టలు పెట్టుకుని కూర్చునేది. తేనెకో బుట్ట, నీడకో బుట్ట, పళ్లకో బుట్ట, దాక్కునే తొర్రలకో బుట్ట. ఒక్కో చెట్టుకు దారి గీసిన బెరడు ముక్కలు వాటి నిండా ఉండేవి. అడిగిన వాళ్లకు ముక్క తీసిచ్చి పంపేది. ఆ పనంటే ఆవిడకు ప్రాణం.

మొన్నటి గాలివానకు గుట్ట అవతలి ఇప్పచెట్టు కూలింది. అన్నీ ఉన్న చెట్టు కాబట్టి నాలుగు బుట్టల్లోనూ దాని ముక్కలు బోలెడున్నాయి. వెతికి తీయాలంటే రోజంతా పడుతుంది. అందుకని సూరమ్మ ఎప్పట్లాగే ఇంకో ముక్క మీద అదే దారి గీసి, గుమ్మంలోని ఓటికుండలో వేసింది. బుట్టలోంచి ఏది తీసినా ఆ కుండలో లేదని చూసుకున్నాకే చేతికిచ్చేది. వానలు వెలిశాక తీరిగ్గా కూలిన చెట్ల ముక్కలు ఏరేసి బుట్టలన్నీ ఒకేసారి శుభ్రం చేసేది.

వచ్చినవాళ్లు సూరమ్మకు పెట్టే చిరుతిండి మీద నక్క చిట్టెన్నకు ఎప్పట్నుంచో కన్ను.

"కూలిన చెట్టు ముక్కలు ఇంకా బుట్టల్లోనే ఉంచింది! ముసలావిడకు చాదస్తం పట్టింది. ఆ బండ నాకప్పగించండి," అని అందరి దగ్గరా ఊదరగొట్టాడు. ఎలుగుబంటి గంగులు తలూపాడు. మిగతావాళ్లూ ఊపారు. సూరమ్మకు ఏడుపొచ్చింది.

"పోనీలే అల్లుడూ. ఈ కుండ మాత్రం పారేయకు."

"లేని చెట్లకు కుండెందుకత్తా?" అని చిట్టెన్న దాన్ని ఒక్క తన్ను తన్నాడు. సూరమ్మ కింద పడ్డ బెరడు ముక్కలేరి కుండలో వేసుకుని, దాంతో సహా వాగొడ్డుకు వెళ్లిపోయింది.

తెల్లారగానే గంగులు తేనె అడిగాడు, జింక నీడ అడిగింది, కోతి పళ్లు అడిగింది. చిట్టెన్న పైనున్న ముక్కలు పైనే తీసి దర్జాగా పంచాడు. కాసేపటికి ముగ్గురూ కలిసే తిరిగొచ్చారు. గంగులు ఒళ్లంతా చీమలు.

"తేనేదిరా? అక్కడుంది మోడు!"

"నీడా లేదు, ఎండకు మాడిపోయాను!"

"నాకూ అదే మోడు! మాతో ఆడుకుంటున్నావా?"

"కాస్త ఆగు మావా, ఇప్పుడే వెతికి తీసేస్తా..." అంటూనే చిట్టెన్న తొర్రల బుట్టలో చెయ్యి పెట్టి, అందిన ముక్క లాక్కుని పరుగు లంకించుకున్నాడు. గీసిన దారి పట్టుకుని గుట్టెక్కాడు, గుట్ట దిగాడు, రొప్పుతూ తలెత్తి చూశాడు.

ఎదురుగా మోడు! తొర్ర మాట అటుంచి, తోక దాచుకునే చోటైనా లేదు.

వెంటపడి వచ్చిన గంగులు వాణ్ని చెవి పట్టుకుని వాగొడ్డుకు లాక్కొచ్చాడు. సూరమ్మ కుండ ముందుకు జరిపి, ఒక ఖాళీ బెరడు ముక్క తీసింది.

"ఏం అల్లుడూ, నీ బొమ్మ కూడా గీసి ఇందులో వేయమంటావా?"

అడవంతా పగలబడి నవ్వింది. సూరమ్మను, కుండను కలిపి గంగులు భుజానికెత్తుకుని బండ దగ్గరికి మోసుకెళ్లాడు. ఆవిడ సంతోషం పట్టలేక దారంతా నవ్వుతూనే ఉంది. వానలు వెలిశాక బుట్టలు శుభ్రం చేసే పని చిట్టెన్నకు పడింది.

ఏది ఉందో తెలిస్తే చాలదు, ఏది లేదో కూడా గుర్తుంచుకున్నవాడే దారి చెప్పాలి.