దారుభేది దాచిన మాట

అనగనగా గాలి వీస్తే వెదుళ్లు వాటంతట అవే ఈలవేసే ఒక అడవి. ఆ అడవి నడుమ నల్లని చాపరాయి. ఆ రాతిమీద ఒక పాఠశాల. అక్కడ గురువు దీర్ఘకంఠి అనే క్రౌంచపక్షి. వయసులో ఉన్నప్పుడు ఆమె ఏటేటా కొండలు దాటింది, ఎడారులు దాటింది, సముద్రాలు దాటింది. రెక్కలలో సత్తువ తగ్గిన తరువాత ఈ చాపరాతిమీద వాలి, తాను విన్నదంతా అడవి పిల్లలకు చెప్పసాగింది.

ఆమె రెండు విద్యలు నేర్పేది. ఉదయం దేశదేశాల సంగీతం. మధ్యాహ్నం కల్పనావిద్య. అంటే ఎవరికి ఏ కష్టం ఉందో తెలుసుకొని, అది తీరేటట్టు ఒక వస్తువును కల్పించే విద్య.

"రెండూ ఒకటే విద్య, నాయనలారా!" అనేది గురువమ్మ. "ఇసుకదేశంలో బాటసారుల పాట ఒంటె నడకకు తగినట్టు సాగుతుంది. ఒంటె అలసిపోకూడదని ఆ పాట పుట్టింది. మంచుదేశంలో పసులకాపరి లోయమీదుగా గొంతెత్తి పాడతాడు. ఆవలి కొండమీది తోటికాపరికి వినబడాలని ఆ పాట పుట్టింది. సముద్రానికి ఆవల ఒక కారడవి ఉంది. అక్కడ చెట్లు అడ్డం వచ్చి కన్ను ఆనదు. అందుకని అక్కడివారు బోలు దుంగను మోగించి ఒక పల్లెనుంచి ఇంకొక పల్లెకు కబురు చెప్పుకొంటారు. ఏ పాట విన్నా, మన పాటకంటె గొప్పదా, తక్కువదా అని అడగవద్దు. ఇది ఎవరికోసం పుట్టింది అని అడగండి."

కల్పనావిద్యకు ఆమె చెప్పిన సూత్రం మూడే మాటలు. అడుగు. అల్లు. దిద్దు. కావలసినవారిని ముందు అడగాలి. ముతకగా ఒక నమూనాను అల్లాలి. దానిని పదిమందికి చూపి, తప్పులు విని, దిద్దాలి.

ఆ బడిలో అగ్రశిష్యుడు దారుభేది అనే వడ్రంగిపిట్ట. నెత్తిన ఎర్రని కుచ్చు, ఉలివంటి ముక్కు. మానును ఒక్కసారి తట్టి, తల వంచి వింటే చాలు. లోపల ఎక్కడ బోలుగా ఉందో, ఎక్కడ చేవ గట్టిపడి ఉందో చెప్పగలడు. మూడేళ్లుగా గురువమ్మ కుడిపక్క చోటు అతనిదే.

నాలుగవ ఏట శల్లకి అనే ఏదుపంది వచ్చి చేరింది. పొట్టి కాళ్లు, బొంగురు గొంతు. నడిస్తే ఒంటిమీది ముళ్లన్నీ గలగలలాడేవి. మొదటి రోజే ఆలస్యంగా వచ్చి కుందేలుకు ముల్లు గుచ్చింది. "అయ్యో, తప్పయింది అన్నా!" అంటూ గిరుక్కున తిరిగి తాబేలు మెడకూ గుచ్చింది.

బడి అంతా నవ్వింది. దారుభేది అందరికంటె గట్టిగా నవ్వాడు.

ఆ రోజే గురువమ్మ ద్వీపవాసులు వేసే గవ్వల తాళాన్ని వివరిస్తోంది. శల్లకి కూర్చున్నచోటనే ముళ్లు కదిపి, ఆ తాళాన్ని తప్పు లేకుండా వేసేసింది. గురువమ్మ పాఠం ఆపి, కన్నులు మూసుకొని విన్నది.

"ఇది నేర్పితే వచ్చేది కాదు తల్లీ" అన్నది.

దారుభేది నవ్వు ఆగిపోయింది. మూడేళ్లలో గురువమ్మ ఆ మాట తనతో ఒక్కనాడైనా అనలేదు. ఆనాటినుంచి అతని ఎదలో ఒక ఈతముల్లు చేరింది. గురువమ్మ శల్లకివైపు చూస్తే అది కలుక్కుమనేది. శల్లకి ప్రశ్న అడిగితే కలుక్కుమనేది. శల్లకి ఏమీ అనకుండా కూర్చున్నా కలుక్కుమనేది. ఇష్టమైన చెదపురుగులు కూడా అతనికి చేదయ్యాయి.

ఇట్లా ఉండగా, ఆ వేసవిలో కణుజుల మంద ఒకటి బడికి వచ్చింది. కణుజులంటే ఆబోతులంతేసి పెద్ద జింకలు. మందపెద్ద ముందుకు వచ్చి తల వంచాడు. అతని వెనుక ముసలి కణుజవ్వ. ఆమె కాలికి ఆనుకొని చిన్న మనవరాలు.

"అమ్మా, ఇక్కడ గడ్డి మాడిపోయింది" అన్నాడు మందపెద్ద. "పౌర్ణమి మరునాటి ఉదయం మేము కనుమ దాటి ఆవలి పచ్చికకు పోవాలి. దారిపొడుగునా రేచుకుక్కలు పొంచి ఉంటాయి. గుట్టమీది కావలివాడు ఒక్క కూత పెడితే ఆగాలి, రెండు పెడితే పరుగెత్తాలి. మా అవ్వకు చెవులు పోయాయి. నిరుడు కూత వినబడక దారి నడుమ నిలిచిపోయింది. ఆమెకోసం వెనుకకు పోయిన ఇద్దరు తిరిగి రాలేదు. ఈసారి ఆమెకు గుర్తు తెలిసే ఉపాయం దొరికితేనే వెంట తీసుకుపోతాము. లేకుంటే..."

మనవరాలు అవ్వ కాలికి ఇంకా దగ్గరగా జరిగింది.

"పౌర్ణమికి ఎనిమిది రోజులుంది. అవ్వకు తెలిసే వాద్యాన్ని ఎవరు చేస్తారు?" అని గురువమ్మ అడిగింది.

"నేను!" అన్నాడు దారుభేది.

"నేనూ ప్రయత్నిస్తానమ్మా" అన్నది శల్లకి.

ఈతముల్లు మళ్లీ కలుక్కుమంది.

మంద పౌర్ణమిదాకా చాపరాతి పక్కనే ఆగింది. దారుభేది అవ్వ దగ్గరకు వెళ్లనే లేదు. "చెవిటివారికి గట్టిగా ఊదితే సరి. దానికి అడిగేదేముంది?" అనుకొన్నాడు. మేలైన వెదురు కోసి, పిల్లనగ్రోవిని తొలవసాగాడు. దానిని చెట్టుతొర్రలో దాచి, ఆకులు కప్పాడు.

"నమూనా చూపు నాయనా" అన్నది గురువమ్మ మొదటి రోజు.

"ఇంకా నునుపు రాలేదమ్మా."

"ఇవాళ చూపుతావా?" అన్నది రెండవ రోజు.

"ఇంకా రంధ్రాలు సరిచూడలేదమ్మా."

మూడవ రోజు అడిగితే, "పూర్తయినాక అందరూ ఒక్కసారే చూద్దురుగాని" అన్నాడు. నిజమేమిటంటే, సగం చేసిన తన పని శల్లకి కంటపడటం అతనికి సహించరానిదైపోయింది.

శల్లకి మాత్రం అవ్వ పక్కన చేరి, చెవిలో నోరు పెట్టి అడిగింది. "అవ్వా, నీకు అసలేమీ వినబడదా?"

"సన్నని గొంతులు నాకు లేనట్టే తల్లీ" అన్నది అవ్వ. "పిట్టలు నోళ్లు తెరుస్తాయి, మూస్తాయి. అంతే. నీది బొంగురు గొంతు, అదీ చెవిలో అరుస్తున్నావు కాబట్టి అందుతోంది. కాని అల్లంత దూరాన ఏనుగు అడుగు వేస్తే మాత్రం నా గిట్టలకు తెలుస్తుంది."

"గిట్టలకా!" అని శల్లకి ఎగిరి గంతేసింది. అవ్వ నవ్వి, ముళ్లకు భయపడి పక్కకు జరిగింది.

శల్లకికి కారడవివారి దుంగ గుర్తుకు వచ్చింది. నేలకూలిన ఏగిసమాను ఒకటి వెదికింది. కొంచెం వంపు తిరిగిన మాను. రెండు కొసలనుంచీ పళ్లతో తొలిచింది. వీపున నిడుపాటి చీలిక పెట్టింది. పౌర్ణమి ఇంకా మూడు రోజులుందనగా దానిని దొర్లించుకొంటూ బడికి తెచ్చి, కట్టెతో కొట్టింది.

బద్!

"ఇదేం వాద్యమమ్మా!" అన్నది కొమ్మమీది కోతి. "కడుపుబ్బిన ఎద్దు మూలిగినట్టుంది!"

అందరితోపాటు శల్లకి కూడా నవ్వింది. "అందుకే తెచ్చాను. తప్పులు చెప్పండి" అన్నది. చీలిక ఇరుకైందని కుందేలు చెప్పింది. దుంగ కింది రాళ్లు తీసి నేలకు ఆనించమని తాబేలు చెప్పింది. శల్లకి అప్పటికప్పుడే దిద్దింది. ధ్వని కొంత మెరుగైంది కాని ఇంకా మూగగానే ఉంది.

అప్పుడామె దారుభేదివైపు తిరిగింది. "అన్నా, చెక్క గుట్టు నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఒక్కసారి తట్టి చూడవా?"

దారుభేది దుంగమీద వాలాడు. తట్టాడు. తల వంచి విన్నాడు. అతని కుచ్చు నిక్కబొడుచుకొంది. వంపు దగ్గర జానెడు చేవ మిగిలిపోయింది! అక్కడికి శల్లకి పళ్లు అందలేదు. ధ్వని సగం దూరం పోయి, ఆ గోడకు తగిలి చచ్చిపోతోంది. ఆ చేవను తొలిస్తే లోయ అంతా అదురుతుంది. లోయ అదిరితే గురువమ్మ మళ్లీ కన్నులు మూసుకొని వింటుంది.

"ఏమున్నది అన్నా?"

"ఏమీ లేదు. బాగానే ఉంది."

"నిజంగానా? లోపల ఎక్కడో గొంతు పట్టేసినట్టుంది."

"చెక్క సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?"

"నీకే అన్నా."

"అయితే ముట్టుకోకు. ముట్టుకొంటే ఉన్నదీ చెడుతుంది."

శల్లకి నమ్మింది. రెండవ రోజు మళ్లీ అడిగింది. "ఎండితే అదే సర్దుకొంటుంది" అన్నాడు. మూడవ రోజు మళ్లీ అడిగింది. "అడిగిందే అడుగుతావేం? నా పని నన్ను చేసుకోనీ!" అని కొమ్మ దిగకుండానే కసిరాడు.

పౌర్ణమి వచ్చింది. ఉదయమే అందరూ కనుమ మొదట చేరారు. అవ్వను రెండువందల అడుగుల దూరంలో, అటు తిరిగి నిలబడమన్నారు. గుర్తు తెలియగానే తల ఎత్తాలి.

మొదట దారుభేది పిల్లనగ్రోవిని బయటికి తీశాడు. అది తళతళ మెరిసింది. ఊదితే అమృతం కురిసినట్టయింది. కోతి గోక్కోవడం మరచిపోయింది. అవ్వ గడ్డి మేస్తోంది. ఇంకా గట్టిగా ఊదాడు. అవ్వ గడ్డి మేస్తోంది. ఊపిరంతా కూడగట్టి మూడవసారి ఊదాడు. చెట్లమీది పిట్టలన్నీ బెదరి లేచిపోయాయి.

అవ్వ మెల్లగా వెనుకకు తిరిగి, "ఇంకా మొదలుపెట్టలేదా నాయనా?" అన్నది.

ఎవరూ నవ్వలేదు.

తరువాత శల్లకి దుంగను కొట్టింది. అవ్వ ముందుకాలు ఎత్తింది. సందేహించింది. మళ్లీ దించింది. "ఏదో అనిపించింది. గాలి కాబోలు" అన్నది. ఇంకొకసారి, మరొకసారి. అవ్వ తల ఎత్తలేదు.

దారుభేది ఎద తేలికపడింది. నేను ఓడితే ఓడాను, ఆమె కూడా గెలవలేదు! ఆ తేలికదనం ఒక ఆకు రాలి నేలను తాకినంతసేపు నిలిచింది.

"అమ్మా, మీరు చేయగలిగింది చేశారు. ఇక అవ్వను ఇక్కడే వదిలి, రేపటి ప్రయాణానికి సిద్ధమవుతాము. సెలవు" అన్నాడు మందపెద్ద. అవ్వ తన ముక్కుతో మనవరాలిని మందవైపు తోసింది. పిల్ల వెనుకకు వచ్చింది. మళ్లీ తోసింది. మళ్లీ వచ్చింది. మూడవసారి తోసి, అవ్వ ముఖం పక్కకు తిప్పుకొంది.

శల్లకి దుంగ పక్కన కూలబడింది. "దారుభేదన్న బాగుందన్నాడు. తరువాత నేనే ఏదో చెడగొట్టి ఉంటాను" అన్నది.

దారుభేది ఆ మాట భరించలేకపోయాడు. ఈతముల్లు ఎప్పుడూ గుచ్చనంత లోతుగా దిగింది.

"ఆగండి!" అని అరచి, దుంగ నోటిలోకి దూరాడు. లోపలినుంచి టకటకా శబ్దం. ఎర్రని పొట్టు బయటికి చిమ్మింది. చాలాసేపటికి, కుచ్చునిండా పొట్టుతో బయటికి వచ్చాడు. "ఇప్పుడు కొట్టు చెల్లీ."

శల్లకి కొట్టింది.

గుమ్మ్!

రాతిగుంటలోని నీరు వణికింది. అవ్వ చటుక్కున తల ఎత్తింది. రెండు దెబ్బలు వేస్తే, పడుచుకణుజులాగా పరుగు లంకించుకొంది. ఒక్క దెబ్బ వేస్తే ఆగింది. మనవరాలు ఆమె చుట్టూ చెంగుచెంగున గెంతింది. అడవి అంతా కేకలు.

గురువమ్మ కన్నులు మూసుకోలేదు. దారుభేదినే చూస్తోంది.

అవ్వ తిరిగి వచ్చింది. తప్పును ఎవరు కనిపెట్టారని అడిగింది. "దారుభేదన్న!" అని శల్లకి సంబరంగా ఆమె చెవిలో అరచింది.

"చెవులు లేకపోయినా కళ్లున్నాయి నాయనా" అన్నది అవ్వ. "ఆనాడు బడిలో నువ్వు దీనిని తట్టి వినటం చూశాను. నీ కుచ్చు లేవటం చూశాను. తప్పు ఎక్కడుందో నీకు తెలిసి ఎన్ని రోజులయింది?"

దారుభేది నోరు తెరిచి ఏదో అన్నాడు.

"నీ గొంతు నాకు అందదు. దుంగమీద తట్టి చెప్పు. రోజుకొక్క దెబ్బ."

ఒక్కసారి తట్టి ఊరుకోవచ్చు. ఊరుకొంటే కాదని ఎవరూ రుజువు చేయలేరు. శల్లకి ఇంకా నవ్వుతూనే అతనివైపు చూస్తోంది. దారుభేది తట్టాడు. ఆగాడు. మళ్లీ తట్టాడు. చాలాసేపు ఆగి, మళ్లీ తట్టాడు.

శల్లకి ముళ్లు గలగల ఆపేశాయి.

"మూడు రోజులు" అన్నది అవ్వ. "మొదటి రోజు నా మనవరాలికి కనుమ దారి చెప్పాను. రెండవ రోజు నేను లేకుండా పడుకోవటం నేర్పాను. మూడవ రోజు నన్ను మరచిపొమ్మన్నాను. అది ఒక్కటే దానికి రాలేదు."



"రేపు గుట్టమీద కావలి నువ్వే కాయి" అన్నది అవ్వ. "నీ కళ్లు చురుకైనవి. తెలిసిన సంగతిని తెలిసిన క్షణానే చెప్పు. దాచవద్దు."

మరునాటి ఉదయం మంద కనుమలోకి దిగింది. గుట్టమీద దారుభేది, పక్కన దుంగ దగ్గర శల్లకి. నిన్నటినుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. కనుమ నడుమ ఒక పొద వెనుక ఎర్రని వీపు కదిలింది. "ఆపు!" అన్నాడు దారుభేది. అన్న మరుక్షణమే శల్లకి దుంగను మోగించింది. ఎందుకని అడగలేదు. అవ్వ ఆగింది. మంద అంతా ఆగింది. కుక్కలు మంద అలికిడి అందక, పొద విడిచి దిగువకు పోయాయి. "ఇక పోనీ!" అన్నాడు. రెండు దెబ్బలు. గిట్టల కింద దుమ్ము లేచింది.

ఆవలి పచ్చికలోకి ఎక్కుతున్న కణుజులను దారుభేది ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు.

నీతి: తోటివారి పనిలో లోపం తెలిసీ అసూయతో దాచిపెడితే, ఆ దెబ్బ తోటివారికి మాత్రమే కాదు, ఆ పనిమీద ఆశ పెట్టుకొన్నవారికీ తగులుతుంది.