తోమిన పలక

నాలుగు నెలలు కష్టపడి పెంచుకున్న జీవుల్ని నజీమా ఒక్క మధ్యాహ్నంలో తోమేసింది.

ప్రయోగశాలలో, పాల డెయిరీ మురుగునీరు నింపిన గాజు తొట్టెలో రెండు బొగ్గు పలకలుంటాయి. మొదటి పలక మీద నల్లగా, జిగటగా పేరుకున్న సూక్ష్మజీవులు నీళ్ళలోని మురికిని తిని కరెంటు ఇస్తాయి. ఆ కరెంటుకి బయటి కరెంటు కాస్త తోడైతే, రెండో పలక మీది జీవులు బొగ్గుపులుసు వాయువుని వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారుస్తాయి.

ఇదంతా ఆమెకి తెలియక కాదు. మర్నాడు డెయిరీ మేనేజరు చూడటానికి వస్తున్నాడు. ఆయన సరేనంటే డెయిరీలో ఇలాంటిదే పెద్ద తొట్టె కడతారు, లేదంటే ఆ నీళ్ళు ఎప్పటిలాగే కాలువలోకి పోతాయి. పెద్దమనిషి వస్తుంటే ఈ అసహ్యం ఏమిటి, పైపైన కాస్త తీద్దాం అనుకుంది. పీచు పట్టాక చెయ్యి ఆగలేదు.

మొదటి పలక తళతళలాడింది. కరెంటు కొలిచే మీటరు ముల్లు సున్నా మీద పడుకుంది.

ఆమెకి పని నేర్పుతున్న బంగారయ్య మేష్టారు వచ్చేసరికి నేల మీద కూర్చుని ఏడుస్తోంది.

"నేను దీనికి పనికిరాను సార్. ఇంటికెళ్ళిపోతాను."

"సబ్బు వాడావా?"

"లేదు సార్. ఉత్త పీచుతోనే."

"తోమిన నీళ్ళేవి?"

ఆమె మూలనున్న బకెట్ చూపించింది. "పారబొయ్యడానికి లేవలేకపోయాను."

మేష్టారు చొక్కా చేతులు పైకి మడిచి ఆమె పక్కనే చతికిలబడ్డారు. పీచుని బకెట్ అడుగుదాకా ముంచి, తొట్టెలోకి పిండారు. నల్లటి చుక్కలు పడ్డాయి. "సబ్బు తగల్లేదుగా, బతికున్నవి మళ్ళీ పలకని పట్టుకుంటాయి" అన్నారు. మళ్ళీ ముంచారు, మళ్ళీ పిండారు. తర్వాత బకెట్ ఆమె వైపు జరిపారు. రోజుకి పదిసార్లు చేతులు కడుక్కునే పిల్ల, సాయంత్రం దాకా అలా పిండుతూనే ఉంది. పాపం, ముక్కు కూడా మూసుకోలేదు.

మేష్టారు డెయిరీకి ఫోన్ చేశారు. "ఇరవై రోజులాగి రండి. మా దగ్గర పనివాళ్ళు లేరు."

"ఊరెళ్ళారా?" అన్నాడు మేనేజరు.

"లేదండీ. మేమే తోమేశాం."

అవతల మనిషికి ఏమీ అర్థం కాలేదు. "ఈసారి తప్పితే ఇక మేం రామండీ" అని పెట్టేశాడు.

నజీమా రోజూ పొద్దున్నే వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని తొట్టెలోకి చూసేది. పన్నెండు రోజులు ముల్లు కదల్లేదు. పదమూడో రోజు వెంట్రుకంత కదిలింది. ఆ పూట ఆమె మళ్ళీ ఏడ్చింది.

మేనేజరు వచ్చే ముందు రోజుకి పలక మీద మునుపటిలా నల్లటి జిగట పేరుకుంది. ముల్లు పాత చోటికి చేరింది. నజీమా గుడ్డ పట్టుకుని నిలబడింది.

"సార్, రేపు వస్తున్నారుగా. కాస్త శుభ్రం చెయ్యనా?" అని భయం భయంగానే అడిగింది.

మేష్టారు నవ్వారు.

"బయట గాజు తుడువమ్మా. లోపల శుభ్రం చేసేవాళ్ళున్నారు."