కేతోజు చేయని చక్రాలు

అనగనగా, కొండలు మబ్బులతో కబుర్లాడుకునే కాలంలో, గట్టుసీమ అనే రాజ్యం ఒకటి ఉండేదట. ఆ సీమకు దేవుడు మంచి నేల ఇచ్చాడు, కానీ గట్టు మీద పెట్టాడు. ఏడాది పొడుగునా పారే తెల్లేరు ఇచ్చాడు, కానీ లోయలో పెట్టాడు. గట్టు మీద నిలబడితే నీళ్లు కనబడతాయి, వినబడతాయి. పైరుకు మాత్రం అందవు. వానలు మొహం చాటేసిన ఏడు జనం మూటా ముల్లే సర్దుకుని వలస పోయేవారు.

ఆ సీమలో కేతోజు అనే వడ్రంగి ఉండేవాడు. చెక్క అతని చేతిలో మైనంలా వంగేది. మాట మాత్రం నాలుక మీద మొద్దులా కదిలేది కాదు. ఎవరైనా పలకరిస్తే "ఆఁ" అనేవాడు, మళ్లీ చెక్క చెక్కే బాడిస అందుకునేవాడు.

ఆ కేతోజు ఒకనాడు ఏటి ఒడ్డున కూర్చుని, సుడిలో చిక్కిన కొమ్మ ఒకటి గిరగిరా తిరగడం చూశాడు. "ఏటికి ఇంత బలం ఉందే! ఆ బలం చేతనే ఆ నీళ్లు మోయిస్తే?" అనుకున్నాడు.

ఇక తిండీ నిద్రా లేవు. తాటిచెట్టంత చక్రం కట్టాడు. అంచు పొడుగునా వెదురు బొంగులు బిగించాడు. ఏరు తోస్తుంటే చక్రం తిరుగుతుంది. బొంగులు కింద మునిగి నిండుతాయి, పైకి పోయి కాలువలాంటి చెక్క దోనెలో ఒంపుతాయి. దోనె వెంట నీళ్లు గట్టు మీది చేలకు పారతాయి. ఎద్దు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు.

చక్రం తిరిగిన రోజు ఊరు ఊరంతా ఒడ్డున నిలబడింది. మొదటి బొంగు ఒలికింది. రెండోది ఒలికింది. ఎండిన మడిలోకి నీటిపాయ పాములా మెలికలు తిరుగుతూ వచ్చింది. ఒక ముసలి రైతు ఆ నీళ్లు దోసిట పట్టి కళ్లకద్దుకున్నాడు. "ఏరమ్మ గట్టెక్కింది! ఇక మనమూ గట్టెక్కుతాం!" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

వార్త విని భీమదేవ మహారాజు స్వయంగా వచ్చాడు. తలెత్తి చూస్తూ చూస్తూ కిరీటం జారుతున్నా గమనించలేదు.

"కేతోజూ! ఏటి పొడుగునా నాకు ఎన్నో ఊళ్లున్నాయి. వచ్చే వేసవి నాటికి ఊరూరా ఇలాంటి చక్రం తిరగాలి. లేకపోతే ఈ గట్టు ఖాళీ చేసి జనాన్ని పొరుగు రాజ్యానికి పంపడం తప్ప నాకు వేరే దారి లేదు. నీవల్ల అవుతుందా?"

తన చక్రం వంక చూస్తే కేతోజుకు కానిదేదీ కనబడలేదు. "అవుతుంది ప్రభూ" అన్నాడు.

అన్నాడే గానీ, అవలేదు. పనివాళ్లను ఇచ్చారు. వాళ్లు కొట్టిన కర్ర మేకు అతనికి నచ్చేది కాదు, పీకి తనే కొట్టేవాడు. నెమలిగట్టులో రెండో చక్రం కట్టాడు. దాని ఇరుసు నుంచి అంచుకు పోయే ఆకుల మీద హంసలు చెక్కాడు. హంసలు బాగున్నాయి, చలికాలం వచ్చేసింది. మూడో ఊళ్లో పని మొదలుపెట్టేసరికి రెండో ఊళ్లో చక్రం ఆగింది. అక్కడికి పరుగెత్తేసరికి మొదటి ఊళ్లో దోనె చీలింది. కేతోజు చేతులు బొబ్బలెక్కాయి, కళ్లు గుంటలు పడ్డాయి.

ఒకనాడు అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా ఉండిపోయాడు. భార్య మాచమ్మ అతని ముందు ఉప్పు చిప్ప పెట్టింది.

"ఏమయ్యా, ఇది ఎక్కడిది?"

"సముద్రానిది."

"నేను పుట్టి బుద్ధెరిగి సముద్రం మొహం చూళ్లేదు. ఈ ఉప్పు పంపే వర్తకురాలు కొమ్మసాని సంతపేట దాటి రాదట. అయినా మన గట్టు మీద ఉప్పు లేని ఇల్లు ఉందా? ఆవిడకు తెలిసిందేదో నీకు తెలియడం లేదు. వెళ్లి అడుగు."

కేతోజు ఆ చిటికెడు ఉప్పు వంక వింతగా చూశాడు. ఇన్నేళ్లుగా తింటున్నా, అది అక్కడికి ఎలా వచ్చిందని ఎన్నడూ అనుకోలేదు.

మర్నాడే సంతపేట వెళ్లాడు. కొమ్మసాని పెద్ద మనిషి, పెద్ద గొంతు, నోట్లో తాంబూలం. అతని కథ అంతా విని అంది: "నాయనా, నీకు చక్రం చేయడం వచ్చు. చక్రాన్ని లోకంలోకి పంపడం రాదు. రెండూ వేరు వేరు విద్యలు. రెండోది కావాలంటే నా దగ్గర ఉండు. ఒక్క షరతు. బాడిస ముట్టుకోకూడదు."

మొదట ఆమె అతన్ని సంతలో ఉప్పు రాశి పక్కన కూర్చోబెట్టింది. "అమ్మకు. పొగడకు. ఊరికే విను" అంది.

కేతోజు విన్నాడు. వచ్చిన ఆడవాళ్లు ఉప్పు కొలిపించుకుంటూ లోకం మాటలన్నీ మాట్లాడారు. నెమలిగట్టు ఐతమ్మ అనే రైతు, పక్కన తలపాగా కళ్లదాకా దించుకుని కూర్చున్నది ఎవరో గుర్తుపట్టక, నిట్టూర్చింది. "మా ఊళ్లోనూ చక్రం ఉందమ్మా, హంసలతో సహా. మేకు ఊడితే ఆ కేతోజే రావాలట. ఆయన వచ్చేసరికి నారు ఎండింది. మాకు హంసలెందుకు? మా చేత్తో మేము బిగించుకునే మేకు ఉంటే చాలదా?"

కేతోజు చెవులు ఎర్రబడ్డాయి. లేచి పోదామనుకున్నాడు. పోలేదు. సాయంత్రం దాకా కూర్చుని అన్నీ విన్నాడు.

తర్వాత కొమ్మసాని అతన్ని ఉప్పు బాట మీద రెండు సత్రాలకు తీసుకుపోయింది. ఒకటి ఎవరో ధనికుడు దానంగా కట్టించి వదిలేసినది. నల్లరాతి స్తంభాలు, కూలిన కప్పు. రెండోది మట్టిగోడల సత్రం. గుమ్మంలో ఒక గాదె. దిగిన ప్రతి బాటసారీ అందులో పిడికెడు గింజలు వేసి పోతాడు. కప్పు మీద కొత్త తాటాకు మెరుస్తోంది.

"రాయి కూలింది, మట్టి నిలిచింది. ఎందుకంటావ్?"

కేతోజు గాదెలోకి తొంగిచూశాడు. "పిడికెడు వేసినవాడు కప్పు కారుతోందేమోనని చూస్తాడమ్మా."

కొమ్మసాని పకపకా నవ్వింది. "నీ చక్రమూ అంతే. ఊరికే ఇస్తే రాజుగారిదంటారు. మోయలేనంత అడిగితే వద్దంటారు. అది పండించిన పంటలోంచే కాస్త దాని పోషణకు తీయించు. అప్పుడది ఊరిదవుతుంది."

మూడో పాఠం అన్నిటికన్నా కష్టమైంది. ఉప్పు బస్తాలతో ఎద్దుల బిడారు ఒకటి కొండలకు బయల్దేరుతోంది. "దీనికి నాయకుణ్ణి నువ్వే ఎంచు. దారి చెప్పు. పంపు. నువ్వు మాత్రం ఇక్కడే ఉండు" అంది కొమ్మసాని.

కేతోజు సింగన అనే నిదానస్థుణ్ణి ఎంచాడు. వంతెన మీదుగా పొమ్మన్నాడు. బిడారు కదిలింది మొదలు అతనికి నిలకడ లేదు. ఆ రాత్రి కొండల్లో కుంభవృష్టి కురిసింది, వంతెన కొట్టుకుపోయిందని వార్త వచ్చింది. కేతోజు పరుగెత్తబోతే కొమ్మసాని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పోయి ఏం చేస్తావు? వంతెన మోస్తావా?"

కొన్నాళ్లకు ఎద్దుల మెడగంటలు మోగాయి. సింగన ఎండిన బట్టలతో, ఖాళీ బస్తాలతో తిరిగొచ్చాడు. "మబ్బు చూసి వంతెన దారి వదిలేశానయ్యా, పశువుల మందలు తోలే కొండదారిన పోయాను. మీ మాట మీరాను, క్షమించండి" అన్నాడు.

కేతోజు అతన్ని కౌగిలించుకున్నాడు. తను వెంట ఉండి ఉంటే, పంతం కొద్దీ వంతెన మీదుగానే నడిపించి ఉండేవాడు. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు.

"నువ్వు లేని చోట నీ మనిషి తన బుద్ధితో నడవాలి నాయనా. అలా నడిచేవాణ్ణి తయారుచేయడమే వర్తకం" అంది కొమ్మసాని. "ఇక ఇంటికి పో."

గట్టుసీమకు తిరిగొచ్చిన కేతోజు ముందు హంసలు మానేశాడు. చక్రాన్ని విడి భాగాలుగా విప్పి, ఒక కొలకర్ర తయారుచేశాడు. ఏ ఊళ్లో చెక్కిన మేకైనా ఏ చక్రానికైనా సరిపోవాలి. ఊరికి ఇద్దరు చొప్పున మనుషులను పిలిచి, రోజూ నేర్పాడు. పండిన గింజల్లో కాస్త చక్రం పోషణకు తీసి పెట్టుకునేలా ఊరూరా ఒప్పించాడు. మాట రాని మనిషి గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాడు.

వాళ్లు కట్టిన మొదటి చక్రం తాగినవాడిలా తూలింది. కేతోజు చెయ్యి బాడిస మీదికి పోయింది. తమాయించుకుని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఎక్కడ తూలుతోందో మీరే వెతకండి" అన్నాడు. వెతికారు. దొరికింది. ఆనాడు వాళ్ల మొహాల్లో వెలిగిన వెలుగు, తన మొదటి చక్రం తిరిగిన నాడు తన మొహంలో వెలిగినదేనని కేతోజు గుర్తుపట్టాడు.

వేసవి వచ్చింది. మహారాజూ వచ్చాడు. కేతోజు పెరట్లో చూస్తే ఒక్క చక్రమూ లేదు.

"నీ చక్రాలేవి?" రాజు గొంతు ఉరిమింది.

"సంతపేట నుంచి వచ్చాక నేను ఒక్కటీ చేయలేదు ప్రభూ."

"అయితే నా జనం మూటలు కట్టుకోవాల్సిందేనా! నువ్వు నవ్వుతాలాడుతున్నావా?"

"ఒక్కసారి నాతో గట్టు శిఖరానికి రండి."

తెల్లవారుతుండగా ఇద్దరూ శిఖరం ఎక్కారు. లోయలో మంచు మెల్లగా విడిపోతోంది. ముందు ఒక చక్రం కనబడింది. దాని వెనక ఇంకొకటి. మంచు ఇంకాస్త జరిగింది. తెల్లేరు మలుపు మలుపునా, చూపు ఆనినంత దూరం, చక్రాలు, చక్రాలు, చక్రాలు! ఎండ తగిలి ఒక్కొక్క బొంగూ బంగారంలా మెరుస్తూ నీళ్లను ఆకాశంలోకి ఎత్తుతోంది. వాటి మూలుగులన్నీ కలిసి ఏటికే గొంతు వచ్చినట్టుంది. గట్టు అంతా పచ్చగా ఉంది.

రాజు శిఖరం అంచుదాకా నడిచాడు. "ఇంద్రజాలమా ఇది!" అన్నాడు.

కేతోజూ వెళ్లి ఆయన పక్కన నిలబడి చూశాడు. నేర్పాడు, పంపాడు. ఇన్ని లేస్తాయని అతనూ ఎరగడు.

దిగువన ఒక ఊరి దగ్గర ఏరు పలచన. ఇక్కడ చక్రం తిరగదని కేతోజే చెప్పి వదిలేసిన చోటది. అక్కడా ఒక చక్రం తిరుగుతోంది! గబగబా దిగి వెళ్లి చూశాడు. బొంగుల మధ్య ఎవరో వెదురు తడకలు అల్లి కట్టారు. ఆ తడకలు సన్నటి ప్రవాహాన్ని కూడా ఒడిసిపట్టి చక్రాన్ని తోస్తున్నాయి. ఈ ఉపాయం కేతోజుకు కలలో కూడా తట్టలేదు.

"ఎవరు చేశారయ్యా దీన్ని?" వెనకే దిగి వచ్చిన రాజు అడిగాడు.

"తెలియదు ప్రభూ" అన్నాడు కేతోజు. కళ్లు చెమర్చాయి. తలపాగా తీసి, తనకు తెలియని ఆ పనివాడి చక్రానికి రెండు చేతులూ జోడించి నమస్కరించాడు.

చేసే నేర్పు ఒక ఊరిని తడుపుతుంది. వినే ఓర్పు, పంచే మనసు తోడైతే సీమంతా పండుతుంది.