తిత్తి మూతి గుడ్డ

కుందవరం రాజుగారికి నిద్రలో ఊపిరి ఆగిపోయేది. అందుకని ఆయన పడుకున్నంతసేపూ సేవకులు కొలిమితిత్తితో ఆయన ముక్కుకు గాలి ఊదేవారు. ఆ తిత్తి మూతికి దుమ్ము ఆపే గుడ్డ నేసి కట్టేది నేతగత్తె సింగమ్మ. రాజుగారు ఆమెను మెచ్చుకున్నప్పుడల్లా ఆస్థాన వస్త్రవర్తకుడు జగ్గరాయుడి కడుపులో కుంపటి రగిలేది. పూరిగుడిసె మనిషికి ఇంత గౌరవమా!

పట్టుబట్టి ఒక వారం ఆమె గుడ్డ, ఒక వారం తన జరీగుడ్డ కట్టించాడు. తర్వాత రెండూ సభలో పరిచాడు.

"చూడండి ప్రభూ! ఈ సింగమ్మ గుడ్డ మసిగుడ్డ అయింది, నాది మల్లెపువ్వులా ఉంది. ఇక దీన్ని కోట గడప తొక్కనివ్వకండి!"

సభంతా తలలూపింది. రాయుడి కడుపు చల్లబడింది.

సింగమ్మ జంకలేదు. "గది అదే, దుమ్మూ అదే కదా రాయుడుగారూ? నా వారం దుమ్ము ఇదిగో, గుడ్డ మీదే ఉంది. మరి మీ వారం దుమ్ము ఎక్కడికి పోయింది?"

రాయుడు నోరు తెరిచేలోపే రాజుగారు గట్టిగా తుమ్మారు. తెల్లటి ఉత్తరీయం నల్లబడింది.

"ఇక్కడుంది," అన్నారాయన.

ఆ మసిగుడ్డను సింహాసనం పక్కనే వేలాడదీయించారు. పాపం రాయుడు! అప్పటిదాకా మనిషిని చూసి ఏడ్చేవాడు. ఆనాటి నుంచి గుడ్డను చూసి కూడా ఏడవాల్సి వచ్చింది.