మాబున్నీ ఉప్పు చూడని రోజు

అనగనగా, ఏటి పక్కన ఒక ఊళ్ళో, దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళ వీధి ఒకటుండేది. కాళ్ళు దుప్పట్లోకి లాక్కోవే చిట్టీ, చెబుతాను. ఆ వీధిలో మాబున్నీ అని నీ అంత పిల్ల ఉండేది. ముందు పళ్ళు రెండూ ఊడి, నవ్వితే కిటికీ తెరిచినట్టుండేది.

రంజాన్ నెల వచ్చిందంటే మాబున్నీకి చేతినిండా పనే. ఏం పనంటావా? ఉప్పు చూడటం! పెద్దవాళ్ళంతా రోజా ఉంటారు కదా. తెల్లారకముందే సహరీ తిని, పొద్దు గూకేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. మరి వండినదాంట్లో ఉప్పు సరిపోయిందో లేదో ఎవరు చెప్పాలి? అందుకని సాయంత్రమయ్యేసరికి ప్రతి గడప నుంచీ "మాబున్నీ, ఒకసారి రావే" అని పిలుపు. ఆ పిల్ల చప్పరించి "ఇంకొంచెం" అంటే ఇంకొంచెం, "చాలు" అంటే చాలు.

అయితే ఆ ఏడు మాబున్నీకి తనూ రోజా ఉండాలని పట్టుకుంది. వాళ్ళమ్మనడిగింది.

"నీకింకా వయసు రాలేదమ్మా" అంది అమ్మ. "చిన్నపిల్లలకు తప్పనిసరి కాదు. జబ్బుపడ్డవాళ్ళూ, ప్రయాణంలో ఉన్నవాళ్ళూ కూడా మానేసి, తర్వాత వీలు చూసుకుని ఉండొచ్చు. మనల్ని బాధపెట్టాలని అల్లా రోజా పెట్టలేదు. అయినా నువ్వు కూడా ఉంటే ఉప్పెవరు చూస్తారే?"

ఆ చివరి మాట మాబున్నీకి ముల్లులా గుచ్చుకుంది. నేను ఉప్పుకేనా పనికొచ్చేది అనుకుంది.

అప్పుడేం చేసింది? మర్నాడు సహరీకి అందరితోపాటు లేచి, ఆకలేస్తోందని కడుపునిండా తింది. ఇవాళ రోజా ఉంటానని మనసులోనే అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం అమ్మ అన్నం పెడితే, పెరట్లోకి తీసుకెళ్ళి మేకకు పెట్టేసింది. ఆ రోజు మేకకు పండగే అనుకో.

ఆ తర్వాత సాయంత్రమైంది. పీరాంబీ పిన్ని పిలిచి, చేతిలో నాలుగు గుగ్గిళ్ళు పెట్టింది. మాబున్నీ అటు తిరిగి, ఊరికే నోరు ఆడించి, "సరిపోయింది పిన్నీ" అంది. గుగ్గిళ్ళు కోళ్ళ పాలయ్యాయి. ఆ తర్వాత మలాంబీ అత్త పులుసు చూడమంది. "సరిపోయిందత్తా!"

ఆ తర్వాత మసీదు పెరట్లోకి వెళ్ళింది. అక్కడ దస్తగిరి తాత వీధి మొత్తానికీ గంజి కాస్తున్నాడు. బియ్యమూ, పెసరపప్పూ, మెంతులూ, వెల్లుల్లీ ఉడుకుతున్న వాసన. మాబున్నీ కడుపులో ఎలుకలు పరిగెత్తాయి. తన రోజా ఇంకా ఉందో పోయిందోనని ఒకటే అనుమానం.

"తాతా, ఉమ్మి మింగితే రోజా పోతుందా?"

"పోదే."

"మరిచిపోయి నీళ్ళు తాగేస్తే?"

"గుర్తు రాగానే ఆపెయ్యాలి. ఆ గుక్క అల్లాయే తాగించాడనుకుని, రోజా అలాగే ఉండాలి."

"మరి తలుపేసుకుని తినేస్తే ఎవరికి తెలుస్తుంది?"

తాత తెడ్డు తిప్పడం ఆపాడు. "ఎవరికీ తెలీదు. అయినా తినం చూడు, అదే రోజా. కడుపొక్కదానికే కాదమ్మా, నాలుకకూ ఉంది. అబద్ధాలాడుతూ ఆకలితో ఉంటే అది ఉత్త పస్తు." ఆ మాట అని, గరిటెతో కాస్త గంజి అందించాడు. "ఏదీ, ఉప్పు చూడు."

అసలు అడగాల్సిన ప్రశ్న మాబున్నీ నోటిదాకా వచ్చింది. అడిగితే గుట్టు బయటపడుతుంది కదా! "సరిపోయింది తాతా" అనేసింది.

అప్పుడు వెళ్ళి మసీదు మెట్టు మీద కూర్చుంది. పొద్దు వాలుతోంది. పొద్దుటినుంచీ దూది ఏకిన మామలు పెదవులెండిపోయి, గంజి కోసం గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. రోజూ చూసే మొహాలే. కానీ వాళ్ళ గొంతు ఎంత ఎండిపోయి ఉంటుందో ఆ పిల్లకు ఆ రోజే తెలిసింది.

ఇక కూర్చోలేకపోయింది. ఒక్క పరుగున తాత దగ్గరికొచ్చి, "తాతా, నేను ఉప్పు చూళ్ళేదు! నేను కూడా రోజా ఉన్నా!" అని అందరి ముందూ ఏడ్చేసింది. "ఇప్పుడు చూస్తా. నా రోజా పోతే పోనీ. వీళ్ళు పాపం పొద్దుటినుంచీ ఏమీ తినలేదు" అని గరిటె అందుకుంది.

ఇంకాసేపట్లో అజాన్, రోజా విడిచే వేళ. అంతసేపు ఓర్చుకున్న పిల్ల! తాత కళ్ళు చెమ్మగిల్లాయి. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగవే పిచ్చిదానా. వంటలో ఉప్పు చూడాల్సొస్తే, నాలుక కొసకు తాకించి ఊసెయ్యొచ్చు. మింగకపోతే రోజా పోదు. మేమూ చూసుకోవచ్చు గానీ, ఎండిన గొంతు కదా, గుటుక్కున మింగేస్తామేమోనని భయం. అన్నీ అడిగావు, ఆ ఒక్కటీ అడగలేదేం?"

మాబున్నీ నాలుక తాకించి, ఊసేసి, "ఒట్టి చప్పగా ఉంది తాతా!" అంది. గంజిలో ఉప్పు పడింది.

"అబద్ధమాడాను కదా, నా రోజా ఏమవుతుంది?"

"నువ్వే వచ్చి చెప్పేశావు. ఇక అది అల్లాకు వదిలెయ్. పరిగెత్తు!"

పరిగెత్తింది. మలాంబీ అత్త పులుసు ఉప్పుకషాయం! నీళ్ళు పోసి సర్దారు. పీరాంబీ పిన్ని గుగ్గిళ్ళు మాత్రం, అదృష్టం కొద్దీ, బాగానే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి అజాన్ వినిపించింది. సంగతంతా విని అమ్మ "ఎంత పని చేశావే" అని ఒకటి కసిరింది. ఆ తర్వాత దగ్గరికి లాక్కుని, నోట్లో ఖర్జూరం పెట్టింది. మాబున్నీ గంజి గిన్నె రెండు చేతులా ఎత్తి, దించకుండా తాగేసింది.

"ఏమే, ఉప్పు సరిపోయిందా?" అనడిగింది అమ్మ.

మాబున్నీ ఖాళీ గిన్నెలోకి చూసింది. "అయ్యో, చూడటం మరిచిపోయానమ్మా!"

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఆకలి సంగతి మాబున్నీ చూసుకుంది. నిద్ర సంగతి నువ్వు చూసుకో తల్లీ.

గంజేమో గిన్నెకి,
గిన్నేమో గూటికి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి!