మూడో గ్లాసు

"ఇన్నేళ్ళ తర్వాత కలిస్తే ఆ మనిషే దొరుకుతుందా, మాస్టారూ?"

ఆదిశేషు ఈ మాట అడిగింది శుక్రవారం నాడు. బాలశౌరి మాస్టారు "ఆదివారం మధ్యాహ్నం అందరితో పాటు వైన్ రుచి చూడ్డానికి రా" అని ఊరుకున్నారు. ప్రశ్న అడిగిన రోజున జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

మాస్టారిది ఫిరంగిపురం. ఫాదరీ కావాలని ఇటలీ వెళ్ళి, కాలేక, అక్కడి పీడ్‌మాంట్ కొండల్లో ఒక ద్రాక్షతోట వారి దగ్గర వైన్ పీపాలు చూసుకుంటూ సగం జీవితం గడిపారు. తల నెరిశాక సికింద్రాబాదు వచ్చి స్థిరపడ్డారు. బొల్లారంలో ఆయన ఇంటి వరండాలో నెలకోసారి శిష్యులు చేరతారు. అందరూ హోటళ్ళలో వైన్ వడ్డించేవాళ్ళే. వాళ్ళలో పెద్దవాడు ఆదిశేషు. యాభై దగ్గరపడ్డాడు.

అతను అడిగింది కాత్యాయని గురించి. ఒకప్పటి భార్య. పెళ్ళయిన కొత్తలో, అతని హోటల్లో దిగిన ఇటలీ అతిథి ఒకాయన వెళ్తూ వెళ్తూ ఒక సీసా చేతిలో పెట్టాడు. బరోలో అనే ఎర్ర వైన్, 2001 నాటి పంట. ఆ సాయంత్రం డాబా మీద ఇద్దరూ దాన్ని స్టీలు గ్లాసుల్లో పోసుకున్నారు. ఆమె ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "పాపం, పండకముందే కోసేశారేమిటండీ!" అంది. అన్నదే కానీ సీసా ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. కొన్నేళ్ళకు ఇద్దరూ విడిపోయారు. తప్పెవరిదో ఇప్పుడు అతనికి సరిగా గుర్తు లేదు. ఆమె భువనేశ్వర్ వెళ్ళి బడిలో పాఠాలు చెప్పుకుంటోంది. అతను ఆ తర్వాత తెరిచిన ప్రతి సీసాలోనూ ఆ డాబా రుచినే వెతికాడు.

ఇప్పుడామె మారేడుపల్లిలో చెల్లెలింటికి వచ్చింది. ఫోన్ చేసింది. "ఆదివారం సాయంత్రం బండికి వెళ్ళిపోతున్నా. వీలైతే రండి. రాకపోయినా ఏమీ అనుకోను."

వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది. వెళ్తే మరెవరో తలుపు తీస్తారేమోనని భయం. డాబా మీది మనిషి కూడా చెరిగిపోతే అతని దగ్గర మిగిలేది ఏమీ లేదు.

ఆదివారం బల్ల మీద ఐదు సీసాలున్నాయి. ఒకే తోటవి, ఐదు వేర్వేరు సంవత్సరాల పంట. ఏది ఏ ఏటిదో కనపడకుండా మాస్టారు వాటికి పాత పేపర్లు చుట్టి, వరుస కలిపేశారు. "శేషూ, నువ్వెప్పుడూ చెప్పే సీసా ఈ తోటదే. ఆ 2001 కూడా ఇందులో ఉంది. పట్టుకో చూద్దాం" అన్నారు.

ఆదిశేషు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"శేషన్నా, పెళ్ళిచూపులకొచ్చినట్టు ఆ బిగుసుకుపోవడమేంటి?" అంది పక్కనున్న జెస్సీ.

"నోరు మూసి ముక్కు తెరువమ్మా" అన్నాడు.

మొదటి రెండూ కావు. మూడోదాని రంగు వెలిసి, అంచుకు ఇటుక చాయ దిగింది. వాసన చూస్తే చాలాకాలం మూసిపెట్టిన బీరువా తీసినట్టుంది. "దీని పని అయిపోయింది మాస్టారూ" అని గ్లాసు పక్కకు జరిపాడు. నాలుగోది కాదు. ఐదోది నోట్లో పడగానే కళ్ళు మూసుకున్నాడు. నేరేడు పులుపు, లేత జామకాయ వగరు, పక్కన స్టీలు గ్లాసు పట్టుకుని మొహం చిట్లించిన మనిషి.

"ఇదే! నిద్రలో లేపి పోసినా చెప్తాను."

మాస్టారు ఐదో సీసా పేపరు విప్పారు. 2019. తర్వాత మూడోదాని పేపరు విప్పారు. 2001.

జెస్సీ కూడా నవ్వలేదు.

"అదెలా, మాస్టారూ?"

"నువ్వు తాగిననాడు దాని వయసు నాలుగేళ్ళు. ఇవాళ ఆ ఈడు దీనిది" అని మాస్టారు ఐదో సీసా మీద చెయ్యి వేశారు. "ఆ 2001 అక్కడే ఆగిపోయిందనుకున్నావు."

ఆదిశేషు మూడో గ్లాసును దగ్గరకు లాక్కున్నాడు. పక్కన పెట్టిన ఆ కాసేపట్లో దానికి గాలి తగిలింది. బీరువా వాసన పోయింది. ఎండిన గులాబీ రేకులు, చుట్టపొగాకు, కాగిన తారురోడ్డు మీద తొలి చినుకులు. ఒక గుక్క తాగాడు. వగరంతా కరిగి మెత్తబడింది. అది డాబా మీది రుచి కాదు. పరాయి రుచీ కాదు. అతను నెమ్మదిగా గ్లాసు ఖాళీ చేశాడు.

లేచి, చొక్కా సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. బట్టతల మీద చెయ్యి వేసుకున్నాడు.

"తను నన్ను గుర్తుపట్టకపోతే, మాస్టారూ?"

మాస్టారు గ్లాసులు కడగడానికి తీస్తున్నారు. తల ఎత్తలేదు.

"నువ్వూ ఇందాక పట్టలేదుగా. తొందరపడి గ్లాసు పక్కకు జరపొద్దని ఆమెకు చెప్పు."