కొంగ ఎగిరిన సాయంత్రం

గుంటూరులో బొమ్మలు గీయడం నేర్పే జిలానీ మాస్టారు, శిష్యులు ఏదైనా అడిగితే ఔననీ అనరు, కాదనీ అనరు. ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు.

ఒకరోజు సువార్త అనే శిష్యురాలు ముఖం వేలాడేసుకుని వచ్చింది. వాళ్ల పేటలో పిల్లలకు బొమ్మలు నేర్పమని ఆమెను అడిగారట. "చెట్లూ కొండలూ వస్తాయి గాని మనిషి ముఖం నాకింకా కుదరడం లేదు. పూర్తిగా రాని విద్య ఇంకొకరికి ఎలా చెప్పను మాస్టారూ? నా వల్ల కాదని చెప్పేశాను" అంది.

మాస్టారు కుంచె కడిగి పక్కన పెట్టారు. అప్పుడు ఆయన చెప్పిన సంగతి ఇది.

కాకినాడలో రషీదా అనే టీచరు వినికిడి లేని పిల్లలకు చదువు చెబుతుంది. ఆమెకు యానిమే, అదే జపాను బొమ్మల సినిమాలు, అంటే ప్రాణం. జపానులో ఒక ముసలి చిత్రకారుడు ఏళ్ల తరబడి ఒక్కడే కూర్చుని గీసిన సినిమా ఒకటి ఆమె కంటపడింది. రెక్క విరిగిన కొంగను పెంచే ఒక అమ్మాయి కథ. మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట లేదట. తన పిల్లల కోసమే గీసినట్టుందనుకుంది రషీదా. ఎవరైనా చూడండి, నలుగురికీ పంచండి అని ఆ చిత్రకారుడే దాన్ని టోరెంటులో వదిలాడు. అలా వదిలిన సినిమా ఒకచోట ఉండదు, చూసేవాళ్ల ఫోన్లలో ముక్కలుగా ఉంటుంది. టోరెంటు యాప్ తెరిచి చూస్తున్నంతసేపూ మన దగ్గరున్న ముక్కలు ఇతరులకు వెళ్తుంటాయి, వాళ్లవి మనకు వస్తుంటాయి.

సెలవు రోజు మధ్యాహ్నం బడి హాల్లో తెర కట్టి రషీదా సినిమా మొదలుపెట్టింది. పిల్లలు కన్నార్పకుండా చూస్తున్నారు. కొండ అంచున అమ్మాయి చేతులు వదిలింది. కొంగ రెక్క విప్పింది. సరిగ్గా అక్కడ బొమ్మ ఆగిపోయింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. పిల్లలంతా లేచి నిలబడి "ఎగిరిందా? పడిపోయిందా?" అని చేతులతో అడగసాగారు.

రషీదా యానిమే ఇష్టపడేవాళ్ల గ్రూపులో తన గోడు రాసింది. అందరి సినిమా అక్కడే ఆగి ఉంది. పూర్తి సినిమా ఉన్నది ఒక్క ఆ చిత్రకారుడి కంప్యూటరులోనేనట. అది పాడైపోయిందని ఎవరో చెప్పారు. "ఇక ఆ ముగింపు పోయినట్టే" అని ఇంకొకరు రాశారు.

ఆ గ్రూపులో బొబ్బిలి నుంచి ఇందుమతి అనే ఆవిడ ఉంది. బొమ్మలు గీయడం కొత్తగా మొదలుపెట్టింది. గ్రూపులో ఏనాడూ నోరు విప్పి ఎరగదు. అన్నీ తెలిసిన అంతమంది మధ్య తనేం మాట్లాడుతుందని ఆమె బెరుకు. ఆ రోజు చాలాసేపు తటపటాయించి ఇలా రాసింది: "నేను సినిమా చూడలేదండీ. ఎగిరే రెక్క ఎలా గీశారో చూద్దామని నేరుగా చివరికి జరిపాను. నా దగ్గర ఆ కాస్తే ఉంది. పనికొస్తుందా?"

"అమ్మా, ముందు యాప్ తెరవండి!" అని రాసింది రషీదా.

ఇందుమతి తెరిచింది. కాకినాడలో చక్రం ఆగింది. కొంగ కొండ అంచు దాటి ఒక్కసారి కిందికి జారింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. మరుక్షణం రెక్కలు గాలిని పట్టుకున్నాయి. తెర నిండా ఆకాశమే! హాల్లో ఉన్న చేతులన్నీ ఒక్కసారిగా పైకి లేచి రెపరెపలాడాయి. ఆ పిల్లలు చప్పట్లు అలాగే కొడతారు. రషీదా ఆ చేతుల్ని వీడియో తీసి ఇందుమతికి పంపింది. గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు "నాకూ వచ్చేసింది!" అని రాస్తూనే ఉన్నారు. అంతవరకూ మొదలు ఎరగని ఇందుమతి ఫోన్లోకి వాళ్లందరి దగ్గర నుంచీ సినిమా వచ్చి చేరింది. ఆ సాయంత్రమే ఆమె దాన్ని మొదటి నుంచి చూసింది.

మాస్టారు చెప్పడం ఆపారు. సువార్త, "అయితే మాస్టారూ, ఆ రోజు పూర్తి సినిమా ఎవరి దగ్గరున్నట్టు?" అని అడిగింది.

"ఆట మొదలైనప్పుడు వాళ్లలో ఎవరి దగ్గరా లేదమ్మా" అన్నారు మాస్టారు మళ్లీ కుంచె అందుకుంటూ. "ఇందుమతి యాప్ తెరిచాక చూడు, అందరి దగ్గరా ఉంది."